లోపల వదిలిన గుడ్డ

తెనాలి ఉపాధి కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నేను తిన్నన్ని తిట్లు ఆ ఊళ్ళో ఇంకెవరూ తిని ఉండరు. పేరు నమోదు చేయించుకుని కార్డు పుచ్చుకున్న ప్రతివాడూ, ఉద్యోగాలన్నీ నేనే మా ఇంటి అటక మీద దాచుకున్నట్టు చూసేవాడు. బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి "ఏంటి సార్, మాకు పిలుపెప్పుడు?" అని ఒక గొంతు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌లో ఇంకో గొంతు. చివరికి మా ఆవిడ నాతో కలిసి బయటికి రావడమే మానేసింది.

డెబ్బై నాలుగులో ఒక కొత్త పథకం వచ్చింది. బాపట్లలో సర్కారు శిక్షణ కేంద్రం పని నేర్పుతుంది. నేర్చుకున్నవాళ్ళను మేము ఊళ్ళో ఏదో ఒక కొట్టుతో జతపరుస్తాం. అక్కడ మూడు నెలలు అసలు పని మీద చెయ్యి తిరగాలి. గడువు ముగిసిన రోజు ఆ కొట్టు యజమాని మా ఎదురుగా ఒక్క మాట చెప్పాలి: తన ఖాతాదారుల పని ఈ మనిషి చేతిలో పెట్టి తను ధీమాగా ఇంటికి వెళ్ళగలడా, లేదా? వెళ్ళగలనంటే పనిముట్లు సర్కారే ఇస్తుంది. లేదంటే అవి వరసలో ఉన్న తర్వాతి మనిషికి పోతాయి. రెండోసారి అడగడానికి వీల్లేదు.

కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూశారా! ఆ కొట్లను వెతికి ఒప్పించే పని మాత్రం నా నెత్తిన పడింది. ఇంజన్లు బాగుచేసే ఒకాయన "మనిషిని పంపండి సార్, పాలు పితకడం కూడా వచ్చుంటే మరీ మంచిది" అన్నాడు. ప్రెస్సు నడిపే ఇంకొకాయన "పనికైతే పెట్టుకుంటా గానీ, నేర్పనండి. నేర్పితే నా ఎదురుగానే ఇంకో ప్రెస్సు పెడతాడు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నా పేరు సీతారామాంజనేయులు. పూర్తిగా పలికే ఓపిక ఎవరికీ లేదు, నాకు మాత్రం తిరిగే ఓపిక ఉండాలి.

ఆ తిరుగుడులోనే బోసు రోడ్డు పక్క సందులో సైదా మాస్టారి కొట్టుకు వెళ్ళాను. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడంలో ఆయనకు పేరు. అయితే ఆయన కొట్టు గుమ్మం ఆడవాళ్ళెవరూ తొక్కరు. మగ దర్జీ చేత టేపు పెట్టించుకోవడమంటే ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళకు సిగ్గు. ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి తీసి, కొత్త గుడ్డతో కలిపి ఇంట్లో మగవాళ్ళ చేతో పనిమనిషి చేతో పంపేవారు. ఆ పాత జాకెట్టును ఆది అంటారు. దాన్ని బల్ల మీద పరిచి, దాని ప్రకారం కొత్తది కోయడమే దర్జీ పని. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టిన సైదా మాస్టారికి వాళ్ళలో ఒక్కరి మొహం కూడా తెలియదు.

నేను తీసుకొచ్చిన మనిషి పేరు మాణిక్యం. రేపల్లె అవతల సముద్రపు రేవు వాళ్ళు. మొగుడు సింగరయ్య పడవ మీద పని చేస్తుండగా చేతికి మోకు చుట్టుకుని వేళ్ళు నలిగిపోయాయి. అతను మళ్ళీ వేటకు పోలేకపోయాడు. అప్పట్నుంచీ మాణిక్యమే చేపల గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె వీధుల్లో తిరిగి ఇల్లు నడిపింది. ఆ బరువుకు మెడ పట్టేసి, పక్కకు చూడాలంటే భుజాలతో సహా తిరగాల్సొచ్చేది. రేవులో ఇళ్ళు బోలెడున్నాయి గానీ కుట్టుమిషను ఒక్కటీ లేదు.

"ఒక్క మిషను ఉంటే చాలు సార్. గుమ్మంలో కూర్చునే ఇల్లు లాక్కొస్తా" అంది నాతో. మిషను వస్తే గంప దిగుతుంది, రాకపోతే మళ్ళీ గంపే. ఆమెకు అంతకు మించిన ఆశ లేదు, నాకు మాత్రం ఆ ఆశ ఆమెకన్నా ఎక్కువగా పట్టుకుంది.

సైదా మాస్టారు మొదట ఒప్పుకోలేదు.

"ఆడమనిషా? ఎక్కడ కూర్చోబెట్టను ఆంజనేయులుగారూ? మా బల్ల చూడండి. కుట్టించుకునేవాళ్ళు తక్కువ, కూర్చుని పేపరు చదివేవాళ్ళు ఎక్కువ."

"తెర కట్టండి."

"తెర కడితే దాని వెనకేముందో చూడ్డానికి ఇంకో నలుగురొస్తారండి."

కొట్టు వెనకే వాళ్ళ ఇల్లు. మాస్టారి భార్య జానీ బీ లోపల్నుంచి మా మాటలన్నీ వింటూనే ఉంది. "ఆ అమ్మాయిని లోపలికి పంపండి. నా వసారాలో కూర్చుని కుట్టుకుంటది" అంది. ఆమె మాట మీద ఆ ఇంట్లో అప్పీలు లేదు. మాణిక్యం చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

మాణిక్యం రేపల్లెలో మేనత్త ఇంట్లో ఉంటూ పొద్దున్నే రైలెక్కి వచ్చేది, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయేది. వారం వారం వెళ్ళి చూడాలని మాకు నిబంధన. అది లేకపోయినా వెళ్ళేవాణ్ణేమో, జానీ బీ ఇచ్చే టీ అలాంటిది. వెళ్ళినప్పుడల్లా గురువుకూ శిష్యురాలికీ ఏదో ఒక వాదం నడుస్తూ ఉండేది. బాపట్లలో ఆమెకు టేపు పట్టడం నేర్పారు. ఇక్కడ టేపుకు పనే లేదు.

"టేపు అబద్ధం చెప్పదు కదా మాస్టారూ" అనేది మాణిక్యం.

"ఆది కూడా చెప్పదమ్మాయ్. పైగా ఆది వాళ్ళిచ్చింది. రేపు జాకెట్టు పట్టలేదంటే మీ ఆదే చూసుకోండి అంటాం. టేపు మనది. తప్పు కూడా మనదే అవుద్ది" అనేవాడాయన.

సైదా మాస్టారికి రెండు పట్టింపులు. ఆది ఎలా ఉంటే కుట్టు అలాగే ఉండాలి. లోపల పక్క కుట్ల దగ్గర వేలి వెడల్పు గుడ్డ మాత్రమే వదలాలి. అంతకన్నా వదిలితే చంక కింద ఉబ్బుతుందని ఆయన బాధ. "లోపల తిప్పి చూస్తే బయట ఉన్నంత అందంగా ఉండాలి" అని రోజుకోసారైనా అనేవాడు. మాణిక్యం వినేది, అలాగే కుట్టేది. రెండో నెల గడిచేసరికి పట్టు గుడ్డలు కూడా ఆమె చేతికే ఇస్తున్నాడని జానీ బీ నా చెవిలో వేసింది. ఆయన నోటితో మాత్రం ఒక్క మెచ్చుకోలు మాట రాలేదు. ఆ పొదుపు నాకు చాలా చికాకుగా ఉండేది.

మూడో నెల చివర్లో, ఆఖరి పరీక్షగా ఆయన సామ్రాజ్యమ్మగారి ఇంటి పని ఇచ్చాడు. ఆవిడ బియ్యం మిల్లు యజమాని భార్య. శ్రావణంలో కూతురి పెళ్ళి. ఆషాఢంలో పెళ్ళి పనులు ముట్టుకోరు కాబట్టి కుట్లన్నీ జ్యేష్ఠంలోనే అయిపోవాలని తొందర. ఆ ఇంటి కోడలు సుందరవల్లి పట్టు జాకెట్టు మాణిక్యం వంతుకొచ్చింది. గుడ్డా ఆదీ తీసుకురావడానికి స్వయంగా వాళ్ళింటికి వెళ్ళింది.

అక్కడ జరిగింది నాకు తర్వాత ఏడాదికి, సుందరవల్లి కూతురు పాకడం నేర్చాక, మా ఆవిడ ద్వారా తెలిసింది. ఆ రోజు ఏమీ తెలియక నేను పడ్డ యాతన మీరు కూడా పడటం దేనికి? ఇప్పుడే చెప్పేస్తాను.

సామ్రాజ్యమ్మగారు హాల్లో కూర్చుని పట్టు గుడ్డా ఆదీ ఇచ్చి "ఈ ఆది ప్రకారమే కుట్టండి" అని గట్టిగా చెప్పింది. మాణిక్యం మంచినీళ్ళు తాగుదామని పెరట్లోకి వెళితే, సుందరవల్లి బావి గట్టు పట్టుకుని వాంతి చేసుకుంటోంది. మొహం కడుక్కుని, అటూ ఇటూ చూసి, మాణిక్యాన్ని దగ్గరికి పిలిచింది.

"అక్కా, ఆ ఆది నాకు ఇప్పుడే బిగువు. పెళ్ళినాటికి అసలు పట్టదు. నాకు మూడో నెల."

"మంచి మాటే కదమ్మా. మరి మీ అత్తగారు అదే ఇచ్చారేంటి?"

"వేరేది ఇస్తే ఎందుకని మీ కొట్లో అడుగుతారుగా. ఇంతకు ముందు రెండుసార్లు పోయిందక్కా. రెండుసార్లూ ముందే ఊరంతా తెలిసిపోయింది, దిష్టి తగిలిందన్నారు. ఈసారి అయిదో నెల దాటేదాకా మాట గుమ్మం దాటనివ్వనని మా అత్త మొక్కుకుంది. నువ్వు లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదులు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పకు. మీ మాస్టారికి కూడా."

మాణిక్యం గంగమ్మ తల్లి మీద ఒట్టేసి మాటిచ్చింది.

పట్టదని ఇంటిల్లిపాదికీ తెలిసిన జాకెట్టును ఆదిగా పంపడం మా వైపు వాళ్ళకే చెల్లింది. తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ రెండుసార్లు ఆశ పెట్టుకుని రెండుసార్లూ పోగొట్టుకున్న ఆ పిల్ల, బావి దగ్గర నిలబడి పరాయి మనిషిని బతిమాలుకోవడం తలుచుకుంటే ఆ నవ్వు నిలవదు.

ఇవేవీ తెలియని నేను, గడువు ముగిసిన రోజు మధ్యాహ్నం, సంచిలో కాగితాలు పెట్టుకుని హుషారుగా సైదా కొట్టుకు వెళ్ళాను. గుమ్మం పక్క బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు ఒకే పేపరు చెరో సగం పట్టుకుని చదువుతున్నారు. మాణిక్యం జాకెట్టు తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. నెమలిపింఛం రంగు పట్టు. పైకి చూస్తే వంక పెట్టడానికి లేదు. మాస్టారు దాన్ని ఆది పక్కన పరిచి చూశాడు. తల ఊపాడు. తర్వాత లోపలి వైపుకు తిప్పాడు.

ఆయన మొహం మారిపోయింది. రెండు పక్కలా బోలెడు గుడ్డ మడిచి ఉంది. జాకెట్టు చేతుల్లో కూడా అంతే. అసలు కుట్టు పక్కనే వరసగా ఇంకా రెండు మూడు కుట్లు, ఒకటి విప్పితే ఇంకొకటి అందేలా వేసి ఉన్నాయి.

"ఎంత వదలాలని చెప్పానమ్మాయ్?"

"వేలెడండి."

"ఇదెంత?"

"నాలుగు వేళ్ళుంటదండి."

"మర్చిపోయావా?"

మర్చిపోయానని చెప్పవే తల్లీ అని నేను లోపల దణ్ణం పెట్టుకున్నాను.

"లేదండి. గుర్తుండే వదిలానండి" అంది మాణిక్యం.

మాస్టారు నిట్టూర్చాడు. "సరే. సరిచేద్దాం" అని కత్తెర అందుకున్నాడు. పట్టు మీదకు కత్తెర వచ్చేసరికి మాణిక్యం రెండు చేతులూ ఆ గుడ్డ మీద చాపి పెట్టేసింది.

"కొయ్యొద్దండి మాస్టారూ."

గుమ్మం పక్క పేపరు కిందికి దిగింది. ఇద్దరు పెద్దమనుషుల కళ్ళజోళ్ళూ ఇటు తిరిగాయి.

"ఎందుకు కొయ్యొద్దు?" అన్నాడు మాస్టారు.

"చెప్పలేనండి."

"నా కొట్లో, నా బల్ల మీద, నేను కొయ్యబోతే ఆపుతున్నావు. ఎందుకో చెప్పవా?"

"చెప్పనండి. తప్పైతే తప్పేనండి."

నేను ఊరుకోలేకపోయాను. "మాణిక్యం! నీకు మతి ఉందా? కారణం ఉంటే చెప్పు, లేకపోతే చెయ్యి తియ్యి. ఇవాళ ఆయన కాదంటే నీ మిషను బాపట్లలో ఇంకెవరికో పోతుంది. తెలుసా?"

"తెలుసండి."

"పోనీ నేనే ఆ ఇంటికి వెళ్ళి కనుక్కుని వస్తా. సైకిలు మీద ఎంతసేపు?" అంటూ లేచాను.

అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి భయపడిపోయింది. "వద్దు సార్, మీకు దణ్ణం పెడతా. మీరెళ్ళి అడిగితే నేను చెప్పినట్టే అవుద్ది. పనికిరానని రాసేసుకోండి. మా గంప ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉంది. రేపట్నుంచి ఎత్తుకుంటా."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమెను బాపట్ల పంపడానికి సింగరయ్యను ఒప్పించింది నేను, ఈ కొట్టు పట్టింది నేను, ఇప్పుడు నా చేత్తోనే పనికిరాదని రాయమంటుంది. మా ఆఫీసుకు వచ్చే వందలమందిలో తన నోటితో తానే ఆ మాట రాయమన్న మనిషిని అంతకు ముందు చూడలేదు. పెన్ను తీశాను గానీ మూత తియ్యబుద్ధి కాలేదు.

సైదా మాస్టారు ఆమె చేతుల వైపే చూస్తున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆ ఇంటివాళ్ళు ఏమన్నా అడిగారా?"

"ఆ మాట కూడా చెప్పనండి" అంది మాణిక్యం.

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ పెద్దమనుషుల వైపు తిరిగి "అయ్యా, కొట్టు కట్టేస్తున్నా. రేపు రండి" అన్నాడు. మిట్టమధ్యాహ్నం కొట్టు కట్టెయ్యడమేంటని వాళ్ళిద్దరూ గొణుక్కున్నారు. పేపరు మడిచి, చెప్పులు వెతుక్కుని, గుమ్మం దగ్గర ఇంకోసారి వెనక్కి చూసి వెళ్ళారు. మాస్టారు తలుపు రెక్క ఒకటి దగ్గరగా వేశాడు. ఇక ఎవరూ లేరు కదా, ఇప్పుడైనా అడుగుతాడు, ఇప్పుడైనా చెబుతుంది అనుకున్నాను.

ఆయన కత్తెర తీసి సొరుగులో పెట్టాడు. దారాల పెట్టె వెతికి, ఆ పట్టు రంగు దారమే ఉన్న ఉండ తీసి, కళ్ళజోడు సర్దుకుని సూదిలోకి ఎక్కించుకున్నాడు. మాణిక్యం చేతుల్ని మెల్లగా పక్కకు తీసి, లోపల వదిలిన గుడ్డను వేళ్ళతో సాఫు చేసి, చిన్న మడత పెట్టి, సన్నటి టాకాలు వేయడం మొదలుపెట్టాడు.

"చూడమ్మాయ్. ఇలా ఉబ్బుగా వదిలేస్తే ఇస్త్రీ చేసేవాడు కూడా అడుగుతాడు, ఇంత గుడ్డ దేనికని. ఇట్లా పరిచి టాకా వేస్తే లోపల తిప్పి చూసినా తెలవదు. కావాల్సినప్పుడు ఈ కొస లాగితే చాలు, మొత్తం ఊడొస్తది. వాళ్ళకి ఈ కొస చూపించు."

మాణిక్యం వంగి ఆ కొస చూసింది. ఆయనకు ఏం అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఆయన ప్రయత్నించలేదన్నది మాత్రం నా కళ్ళతో చూశాను. సూది దిగుతోంది, పైకి వస్తోంది. జానీ బీ వసారా తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"మాస్టారూ, మరి నేనేం రాసుకోవాలి?" అని అడిగాను.

"నా మాట వినలేదని రాసుకోండి. అది నిజం కదా." ఆయన తలెత్తలేదు. "ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి ఆడవాళ్ళ ఆదులు నా బల్ల మీదకు వస్తన్నాయండి. ఎవరు చిక్కారో, ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరింట్లో ఏం జరుగుతందో గుడ్డ చూస్తేనే తెలుస్తది. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పలేదు. మా జానీకి కూడా చెప్పలేదు."

"అది నిజమే. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు" అంది జానీ బీ, ఇంకా ఆ కోపం పోని గొంతుతో.

"అందుకని కింద ఇంకో ముక్క కూడా రాసుకోండి. ఈ కొట్టు మొత్తం ఆమె చేతిలో పెట్టి నేను లోపలికెళ్ళి నిద్రపోతానని. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి, దారం అయిపోగానే పెడతా."

పనికిరానని రాయమన్నప్పుడు కంటతడి పెట్టని మాణిక్యం, ఆ మాటకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మాస్టారు కంగారుగా జాకెట్టును ఒళ్ళోకి లాక్కున్నాడు. "అమ్మాయ్, అవతలికెళ్ళి ఏడువమ్మా. పట్టు మీద కన్నీళ్ళు పడితే మరక పోదు."

నేను కూడా బల్ల దగ్గర్నుంచి కాస్త వెనక్కి జరిగాను.